తోడుపెరుగు పంచాయితీ

ఆళ్ళగడ్డలో గాజుల జైతున్‌బీ "గాజులో!" అని కేకేస్తే నంద్యాల బస్టాండులో బస్సులు హారనేమో అనుకుని పక్కకు తప్పుకుంటాయి. ఒకసారి ఆ కేకకు నల్లమల పులి దారి తప్పి ప్యాపిలి సంతలో తేలిందట. చెప్పింది ఆమే అనుకోండి.

అటువంటి మనిషికి నంద్యాలలో శిక్షణ ఇచ్చారు. ఇంట్లో దెబ్బలు తినే తల్లులకూ వాళ్ళ పసిబిడ్డలకూ అండగా నిలిచే సంఘం ఒకటి అక్కడుంది. దాన్ని నడిపే జ్యోత్స్న మేడం ఆడవాళ్ళను కూర్చోబెట్టి చెప్పింది: "కొట్లాట వినబడితే మాకు ఫోన్ చేయండి. మేమొచ్చేలోగా మీరు కలబడొద్దు. తలుపు తట్టి ఏదో ఒకటి అడగండి. గడపలో మనిషి నిలబడితే కొట్టే చెయ్యి ఆగుతుంది."

ఏమడగాలా అని అందరూ తలలు గోక్కుంటుంటే జైతున్‌బీ లేచింది. "తోడుకు పెరుగడుగుదాం. ప్రతి ఇంట్లో ఉంటాది. గిన్నె పట్టుకున్న ఆడదాన్ని ఎవుడూ అనుమానించడు."

అందరూ చప్పట్లు కొట్టారు. తిరుగు బస్సులో ఆ ఉపాయం తనదేనని ఆమె కండక్టరుకు చెప్పింది, డ్రైవరుకు చెప్పింది, ఎవరో ఎక్కించిన మేకకు కూడా చెప్పింది.

కొన్నాళ్ళకు సంఘం వాళ్ళు వినీతనూ, ఆమె మూడేళ్ళ కూతురినీ తెచ్చి జైతున్‌బీ వీధిలోనే అద్దెగదిలో పెట్టారు. పిల్ల పేరు భ్రమరాంబిక. పేరు పిల్లకంటే పొడుగు. నాయన అమ్మను కొట్టడం చూసి చూసి ఆ పిల్ల మాట్లాడడం మానేసింది. చీపురు కిందపడినా మంచం కిందికి దూరేది. జైతున్‌బీ రోజూ వెళ్ళి చిట్టి గాజులు తొడిగి పులి కథ చెప్పేది. పిల్ల కళ్ళు పెద్దవయ్యేవి, నోరు మాత్రం తెరుచుకునేది కాదు. "ఈ బిడ్డతో మాట్లాడించకపోతే నా గాజులబుట్ట కుందూ ఏట్లో పారేస్తా" అని జైతున్‌బీ శపథం పట్టింది.

ఒకనాటి సాయంత్రం వినీత మొగుడు శ్రీశైలం ఎట్లాగో ఆచూకీ పట్టి తాగి వచ్చాడు. "బిడ్డను ఎత్తుకపోతా. ఎనకాలే నువ్వే వస్తావు!" అని అరుపులు. వీధంతా వినబడింది. జైతున్‌బీ కోడలు తస్నీమ్ నంద్యాలకు ఫోన్ కొట్టింది. అక్కడినుంచి జీపు రావాలంటే గంట పడుతుంది. జైతున్‌బీ గిన్నె అందుకుని తలుపు తట్టింది.

"ఎవురు?"

"నేనేనప్పా, జైతున్‌బీని. తోడుకు రోంత పెరుగియ్యమను."

తలుపు తెరిచాడు. చంకలో పిల్ల బిగుసుకుపోయి ఉంది. "దీపాలు పెట్టినాక పెరుగియ్యగూడదని తెల్దా?"

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి జైతున్‌బీ నోటికి తాళం పడింది. వాళ్ళింట్లో ఆ పట్టింపు లేదు, అందుకే ఉపాయం చెప్పేటప్పుడు తట్టలేదు. మగవాళ్ళు తాగొచ్చేదేమో దీపాలు పెట్టినాకే! తనతోపాటే శిక్షణ పొంది, ఇప్పుడు వెనకే గిన్నెతో వచ్చిన పక్కింటి రామసుబ్బమ్మ ఆదుకుంటుందేమోనని చూస్తే, ఆమె చెంపలేసుకుంటోంది.

"ఆయప్ప చెప్పింది నిజమే జైతునక్కా. ఇంట్లో లచ్చిమి పోతాది. నేను సచ్చినా ఇయ్యను."

"మరి గిన్నె ఎందుకు తెచ్చినావే?"

"అడగమన్నారు, అడగనీకి వచ్చినా. ఇస్తే మాత్రం తీసుకోను."

ఈలోగా ఎదురింటి ఉమామహేశ్వరమ్మ కూడా గిన్నెతో దిగింది. "పట్టింపు ఉప్పుకే. తోడుకు ల్యా."

"ఎవురు చెప్పినారు? మాయమ్మ తోడు గూడా ఇచ్చేది కాదు," అన్నాడు శ్రీశైలం.

"మీయమ్మది ఏ ఊరప్పా?"

"పాములపాడు."

"అట్ల చెప్పు! ఆ ఊరోళ్ళు పొద్దున పూట గూడా ఇయ్యరు."

వీధి గొల్లున నవ్వింది. శ్రీశైలానికి పౌరుషం పొడుచుకొచ్చింది. రెండు చేతులూ తిప్పి వాదించడానికి పిల్లను కిందికి దించాడు. అప్పుడు వెలిగింది జైతున్‌బీకి: పెరుగు దొరక్కపోవడమే మేలు!

"గిన్నెలో పచ్చిమిరపకాయ ఏసి ఇస్తే దోషం ల్యా అంటారే?" అని ఎండుగడ్డిలో అగ్గిపుల్ల గీసి పడేసింది.

"మిరపకాయా!" రామసుబ్బమ్మ గుండె పట్టుకుంది.

ఇక చూడాలి. ఉప్పు పక్షం, పెరుగు పక్షం, మిరపకాయ పక్షం. గిన్నె లేని ఆడది వీధిలో లేదు. ఎక్కడో ఉన్న పగిడ్యాల నుంచి కూడా గిన్నెలతో దిగారని జైతున్‌బీ ఇప్పటికీ చెబుతుంది. వాదన మంటెక్కేకొద్దీ ఆడవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి జరిగి వినీతకు అడ్డంగా గోడ కట్టారు. పిల్ల మంచం కిందికి దూరింది. వాగ్వాదం చల్లబడినప్పుడల్లా జైతున్‌బీ ఇంకో మిరపకాయ వేసింది.

జ్యోత్స్న మేడం పోలీసమ్మను వెంటబెట్టుకుని దిగేసరికి శ్రీశైలం గొంతు బొంగురుపోయింది. "మీరే చెప్పండి మేడం, దీపాలు పెట్టినాక పెరుగియ్యొచ్చునా?"

"స్టేషన్‌లో మాట్లాడుకుందాం రాప్పా," అంది పోలీసమ్మ. జీపెక్కుతూ కూడా అతను, "సాక్షికి ఆ రామసుబ్బమ్మను పిలవండి!" అని అరిచాడు.

జీపు పోయింది. వీధి చల్లబడింది. మంచం కిందనుంచి భ్రమరాంబిక మెల్లగా బయటికొచ్చింది. వంటమూలకు వెళ్ళి, పెరుగు గిన్నెను రెండు చేతులా పట్టుకొచ్చి జైతున్‌బీ ముందు నిలబడింది.

"తీస్కో," అంది.

జైతున్‌బీ చెయ్యి చాపబోయి, పక్కకు చూసింది. అందరూ రామసుబ్బమ్మ వైపే చూస్తున్నారు. రామసుబ్బమ్మ గూట్లో వెలుగుతున్న దీపాన్ని చూసింది, పిల్లను చూసింది. చివరికి తన గిన్నె ముందుకు చాపింది.

"నాకూ రోంత ఎయ్, తల్లీ."