‘రేపు రండి’ అనే రాక్షసుడు

ఆ రోజుల్లో రాక్షసులుండేవారు. సప్తసముద్రాలుండేవి, రెక్కల గుర్రాలుండేవి, ఆడిన మాట తప్పని రాకుమారులుండేవారు. అలాంటి ఒక మహాగాథను మీకిప్పుడు వినిపించబోతున్నాను అని మొదలుపెడితే నిండుగా ఉంటుంది గానీ, నిజానికి ఇది జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా ఎర్రబస్సులో వెళ్ళొచ్చిన కథ. సముద్రాలు లేవు. గుర్రం మాత్రం ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

మా బాబాయి జగ్గయ్యపేట హైస్కూల్లో తెలుగు మాస్టారు. ఈ ప్రయాణానికి రెండేళ్ళ ముందు పిల్లల కోసం ఒక మాయల మంత్రాల నవల రాసి నందిగామలో అచ్చు వేయించాడు. చివరి పేజీలో పదిహేనేళ్ళ రాకుమారుణ్ణి పాతాళబావిలోకి తోసేసి, మిగతాది రెండో భాగంలో చదువుకోమని చేతులు దులుపుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయనకు మనశ్శాంతి లేదు. సైకిలు మీద పోతుంటే పిల్లలు వెంటపడేవాళ్ళు. “మాస్టారండీ, బావిలోంచి బయటికొచ్చాడాండీ?” “వస్తన్నాడ్రా, వస్తన్నాడు” అంటూ బాబాయి మరింత గట్టిగా తొక్కేవాడు. (ఆ బావిలో నీళ్ళున్నాయో లేదో ఆయన రాయలేదు. ఉంటే ఈపాటికి రాకుమారుడు నాని ఉబ్బిపోయి ఉంటాడని నేనొకసారి అన్నాను. పిన్ని నవ్వింది, బాబాయి ఆ పూట అన్నం మానేశాడు.) చివరికి రెండో భాగం రాశాడు. మొదటిది చదివిన పిల్లలు పదో తరగతి పూర్తిచేసి తలోదిక్కూ పోయేలోగా, అంటే వేసవి సెలవుల్లోపు, అది అచ్చయి తీరాలని ఆయన ఆరాటం. నందిగామ ప్రెస్సాయన ఒక మెలిక పెట్టాడు. “మీ అన్నగారబ్బాయి ఉన్నాడుగా మాస్టారూ, ఆ వెటకారం గాడు, వాణ్ణి చదవమనండి. మంచేదో చెడ్డేదో నా ముందు చెప్పమనండి. వాడు ఒప్పుకుంటే లోకం ఒప్పుకున్నట్టే.”

అప్పుడు నేను డిగ్రీ పాసై ఖాళీగా ఉన్నాను. వెటకారం తప్ప వేరే ఉద్యోగం లేదు. అయితే ఒక మనిషి రెండేళ్ళ కష్టం నా నోటి మీద ఆధారపడిందని తెలిశాక ఆ నోరు కాస్తా ఎండిపోయింది. రాతప్రతి చదవడం పూర్తయ్యాక బాబాయితో నందిగామ బస్సెక్కాను. చిల్లకల్లు దాటాక బాబాయి, “ఒరే, ఉన్నది ఉన్నట్టే చెప్పు. నా మొహం చూడమాక” అన్నాడు, నా మొహంలోకే చూస్తూ.

మేం అడుగుపెట్టేసరికి ప్రెస్సాయన తలవంచుకుని అక్షరాలు కూరుస్తున్నాడు. శుభలేఖల కోసం వచ్చిన ఒకాయన, పెళ్ళి దగ్గర పడిందండీ అని బతిమాలుతున్నాడు. ప్రెస్సాయన తల ఎత్తకుండా, ఎడమ ముక్కుతో మాత్రమే పొడుం పీల్చి, “రేపు రండి” అన్నాడు. రెండో భాగంలో విలంబకేతు అనే రాక్షసుడున్నాడు. వాడు ఎడమ ముక్కుతో మేఘాలు పీలుస్తాడు. చెరలో ఉన్నవాళ్ళు ఎంత వేడుకున్నా వాడి నోట ఒకటే మాట: “రేపు రండి.” చదువుతున్నప్పుడు ఆహా, ఏం కల్పన అనుకున్నాను. ఇదన్నమాట ఆ కల్పన! బాబాయి వైపు చూశాను. ఆయన ప్రెస్సు దూలాలను శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

“మొదలెట్టు అబ్బాయ్” అన్నాడు ప్రెస్సాయన. “నాకు తిరగేసిన అక్షరం కనపడుద్ది గానీ కథ కనపడదు. మొహమాటం వద్దు.”

గుణాలతో మొదలుపెట్టాను. క్షీరవాహిని దాటే ఘట్టం అద్భుతమన్నాను. (అది మా ఊరి పక్కన పారే పాలేరే. ఏరు అని చదువుకోండి, పొలంలో పనిచేసే పాలేరు కాదు.) ఆ పాలనది మీద మీగడ కట్టేదాకా ఆగి, రాకుమారుడు దాని మీద నడిచిపోతాడు. పిల్లలు జన్మలో మరిచిపోరన్నాను, నిజంగానే. ప్రెస్సాయన పకపకా నవ్వి, “వెటకారం!” అన్నాడు. బాబాయి మొహం వాడిపోయింది. “లేదండీ, ఒట్టు, బావుంది” అన్నాను. ఇంకా గట్టిగా నవ్వాడు. పుట్టాక మొదటిసారి మనసారా మెచ్చుకుంటే నమ్మే నాథుడు లేడు! దోషాలైనా నమ్ముతాడేమోనని అటు మళ్ళాను. రెక్కల గుర్రానికి మొదట్లోనే శాపం తగిలి రెక్కలూడిపోయాయి, తొమ్మిదో అధ్యాయంలో మాత్రం ఏ శాపవిమోచనమూ లేకుండా ఎగిరింది. రాకుమారుడు పుష్కరకాలం తపస్సు చేసి లేచినా వాడికి పదిహేనేళ్ళే. మొదటి భాగంలో అందరికంటే తెలివైన మంత్రి కూతురు ఇందులో మూర్ఛపోవడం తప్ప మరో పని పెట్టుకోలేదు. బాబాయి గొడుగు పిడి పిసుకుతూ, “అది కరుణరసంరా” అని గొణిగాడు.

“మరి రాక్షసుడో?” అన్నాడు ప్రెస్సాయన.

నాకు చెమటలు పట్టాయి. బావున్నాడంటే ఎట్లా బావున్నాడో చెప్పమంటాడు. బాలేడంటే అబద్ధం, పుస్తకం మొత్తానికి ప్రాణమున్నవాడు వాడొక్కడే. “సహజంగా ఉన్నాడండీ” అన్నాను. “ఏం చేస్తాడు?” “ఎవరేం అడిగినా... రేపు రండి అంటాడండీ.” మూలన అచ్చు మిషను తొక్కుతున్న పనివాడి కాలు ఆగిపోయింది. శుభలేఖలాయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గాడు. ప్రెస్సాయన చేతిలో అక్షరం పక్కన పెట్టి, “రా అంటాడా, రండి అంటాడా?” అన్నాడు. “రండి అనే అంటాడండీ.” “చూశారా మాస్టారూ, మర్యాదస్తుడు! రాక్షసుడై ఉండి కూడా మన్నన తప్పలా. చివర్లో ఏమవుద్ది వీడికి?” బాబాయి మళ్ళీ దూలాల మీదకి చూపు మళ్ళించాడు. నేనే చెప్పాను, “రాకుమారుడు తల నరుకుతాడండీ” అని. “అన్యాయం! పాపం, ఎవర్నీ లేదనలా. రేపన్నాడు, అంతేగా? బతికించండి మాస్టారూ, అచ్చేస్తా.”

బాబాయి అక్కడికక్కడే ఎర్రసిరాతో రాక్షసుణ్ణి క్షమించేశాడు. పొంగిపోతూ, “మరి ఎప్పుడు మొదలెడదామండీ?” అన్నాడు. ప్రెస్సాయన ఎడమ ముక్కు దగ్గరికి పొడుం తీసుకెళ్ళాడు. అందరం ఆయన మొహంలోకి చూశాం. “రేపు...” అని నోరు తెరిచి, ఎందుకో మా మొహాలన్నీ ఒకసారి కలయజూసి, “రేపెందుకు, ఇవ్వాళే కానీండి” అన్నాడు.

పుస్తకం సెలవులకు ముందే వచ్చింది. పిల్లలు పాలేటి ఒడ్డున మీగడ కోసం వెతికారు. గుర్రం ఎందుకెగిరిందని ఒక్కడూ అడగలేదు. ఆ రోజు ప్రెస్సులో అంత చెమట పట్టిన కుర్రాణ్ణి, అంటే నన్ను, తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది. ఇప్పటికీ నేను కూర బావుందంటే మా ఆవిడ మళ్ళీ ఉప్పు చూసుకుంటుంది. అప్పటికప్పుడు మొదలుపెట్టడంతో రెండో భాగాన్ని ప్రెస్సులో మిగిలిన పెద్ద సైజు కాగితం మీద వేశారు. అందుకని అది మా అలమరాలో మొదటి భాగం పక్కన నిలబడదు, అడ్డంగా పడుకోబెట్టాలి.