బతికే ఉన్నానని చెప్పడానికి కృష్ణగిరి ప్రయాణం

ఓటర్ల పట్టికలో నేను చచ్చిపోయినట్టు రాశారు. అది తప్పని చెప్పి రావడానికి హోసూరు బస్టాండులో పొద్దున ఆరూ పదికి కృష్ణగిరి బస్సెక్కాను. నాలాంటి బాధ పడేవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి ఏ బస్సు, ఏ వేళకు, ఏమడిగారు అన్నీ రాస్తున్నాను. మూడో తరగతి దాకానే చదివాను. తప్పులుంటే సర్దుకోండి.

మా ఊరు కల్లావి. హోసూరులో కూతురు ఫ్యాక్టరీ పనికి పోతుంటే మనవరాలిని చూసుకోవడానికి మూడు నెలలుగా అక్కడే ఉన్నాను. ఆ మధ్య పట్టిక రాసుకునే మనిషి కల్లావిలో మా ఇంటికి వచ్చాడట. కోడలు మంజుల ఒక్కతే ఉంది. "ఇంట్లో పెద్దవాళ్లెవరు, పేర్లు చెప్పు" అన్నాడు. మా ఇళ్లలో కోడలు అత్తమామల పేర్లు నోటితో పలకదు. అది గోడమీది ఫోటో వైపు చెయ్యి చూపించింది. నాకూ మా ఆయనకూ కలిపి తీయించిన ఫోటో అది ఒక్కటే. ఆయన పోయాక ఆయనకు వేరే ఫోటో చేయించడం దండగని దానికే దండ వేయించాను. వచ్చినవాడు దండ చూశాడు, అయ్యో పాపం అన్నాడు, ఇద్దరి పేర్లూ కొట్టేసి పోయాడు. బడి గోడకు పట్టిక అంటించాకగానీ మంజుల నాకు ఫోన్ చేయలేదు. విచారణ కృష్ణగిరిలో, గడువు ఇంకా రెండు రోజులు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పక్కన ఒకామె వచ్చి కూర్చుంది. అరవై దాటి ఉంటాయి, జుట్టు కత్తిరించుకుంది, కాళ్లకు ఆటలాడేవాళ్ల బూట్లు. మాట మాత్రం అచ్చం మన హోసూరు మాటే. పేరు వసుంధర. వాళ్ల నాయనకు నేతాజీ రోడ్డులో బట్టల అంగడి ఉండేదట. నర్సు పని మీద కెనడా పోయి, అక్కడే రిటైరై, చిన్ననాటి స్నేహితురాలిని చూడడానికి కృష్ణగిరి పోతోంది.

"యాడికి పెద్దమ్మా, ఇంత పొద్దున్నే?" అంది.

"నేను సచ్చినానంట. కాదని చెప్పొస్తాను" అన్నాను.

ఆమె నవ్వలేదు. అందుకే మిగతాది కూడా చెప్పాను.

శూలగిరి దగ్గర బస్సు ఆగింది. రోడ్డు పక్కన టమోటా పెట్టెలు మనిషెత్తు పేర్చి ఉన్నాయి. నేను తెచ్చుకున్న చింతపండు అన్నం పొట్లం విప్పి ఆమెకూ సగం పెట్టాను. బస్టాండు హోటల్లో డబ్బు పోసి కడుపు పాడుచేసుకోవడం నాకు గిట్టదు. తింటూ ఆమె తన దేశం సంగతి చెప్పింది.

"మా పక్క దేశం పెద్దాయన, మీ దేశాన్ని మాలో ఒక రాష్ట్రంగా కలిపేయండి అన్న్యాడు పెద్దమ్మా. మా జనానికి ఒళ్లు మండిపోయింది. అంగడికి పోతే ప్రతి డబ్బా తిప్పి, యాడ చేసిందో చూసి, ఆ దేశం సరుకైతే ఆడనే పెట్టేసి వస్తారు. నేనూ అంతే."

"మంచి పని" అన్నాను. నాకు నచ్చిన మాట అదొక్కటే, అప్పటికి.

"కానీ బయటోడు అరిచేది వినపడతాది. లోపల జరిగేదే వినపడదు. కోర్టు వద్దన్నా కొన్ని హక్కులు పక్కన పెట్టి చట్టం చేసే దారి మా ప్రభుత్వాలకు ఒకటుండాది. ముందంతా దాన్ని ముట్టేదానికి భయపడేవాళ్లు. ఇప్పుడు చేతికి అలవాటైపోయింది. ఊళ్లో పేపర్లు మూతపడినాయి. ఫోన్లో ఏమొస్తే అదే నిజం. కూలోళ్ల పక్కన నిలబడే పార్టీ మాది, నేను ఇల్లిల్లూ తిరిగి తలుపు తడతాను. మంచులో గంట నిలబడితే ముగ్గురు తీస్తారు. ఇద్దరు తిడతారు."

"అంత చలిలో కూడా ఈ గోలేనా మీకు?"

"ఈ గోల ప్రజాస్వామ్యం పెద్దమ్మా. ఎవరూ ఒక్కరోజులో ఎత్తుకుపోరు. అలసిపోయి మనమే వదిలేస్తామని చూస్తా ఉంటారు."

వాళ్ల దగ్గర ఓటు కాగితం మీద పెన్సిలుతో వేస్తారట. "రబ్బరుతో తుడిచేస్తే?" అన్నాను. అన్ని పార్టీలవాళ్లూ చూస్తుండగా ఒక్కొక్క కాగితం విప్పి లెక్కపెడతారంది. పట్టికలో పేరు లేకపోయినా ఓటు రోజునే రాయించుకోవచ్చట. చేతిలో కాగితాలు చాలకపోతే, అదే పోలింగ్ బూత్‌లో ఓటున్న ఇంకొకరు వచ్చి ఈమె నాకు తెలుసు అని సాక్షి చెబితే చాలట. అయితే ఒక్కరికే చెప్పాలి, ఊరందరికీ కాదు.

"నీకు ఆడ ఓటుండాది, చెప్తాండావు. నాకు ఈడ తప్ప ఇంకెక్కడా లేదు" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. ఆమె తల ఊపి, "అందుకే వదలొద్దు. కాగితం ఇచ్చేదాకా కుర్చీలోంచి లేవొద్దు" అంది. కృష్ణగిరి బస్టాండులో ఏడూ ముప్పావుకు దిగాం. నా చెయ్యి పట్టుకుని నొక్కి, స్నేహితురాలి ఇంటివైపు ఆటో ఎక్కింది. మళ్లీ చూడలేదు.

విచారణ ఆఫీసు ఊరి బయట. టౌను బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు, అది చూసుకుని ఎక్కండి. తొమ్మిదిన్నరకు పోతే అప్పటికే నలభై మంది వరస. నా ముందు మా ఊరి మునియప్ప నిలబడి ఉన్నాడు. తాపీ పనివాడు, బెంగళూరులో ఆరు నెలలు పని చేసి వచ్చేసరికి ఊరు విడిచిపోయాడని ఆయన పేరు తీసేశారు.

"ఏమప్పా, నువ్వు పోయినావంట, నేను సచ్చినానంట" అన్నాను.

"నీదే మేలు గురవమ్మా, దండన్నా పడింది" అన్నాడు. మంజుల చేసిన పని ఊరంతా పాకినట్టుంది.

పదకొండింటికి మా వంతు వచ్చింది. మునియప్ప కాగితాలు చాలవని ఆయన్ని పక్కన నిలబెట్టి, నన్ను కూర్చోమన్నారు. బల్ల వెనక ఉన్న ఆఫీసరు చిన్నవాడే. తమిళంలో అడిగాడు, నేనూ తమిళంలోనే చెప్పాను. ఓటు కార్డు, రేషన్ కార్డు ముందు పెట్టాను. కార్డులో ఫోటో జుట్టు నల్లగా ఉన్నప్పటిది. అటూ ఇటూ చూసి, పాట్టీ అంటే అవ్వా అని మర్యాదగానే పిలిచి ఒక ఫారం తోశాడు.

"పాట్టీ, సులువైన దారి చెప్తాను. కొత్త ఓటరుగా దీంట్లో సంతకం పెట్టండి. కొన్నాళ్లకు పేరు వచ్చేస్తుంది."

ఫారం చదివించుకున్నాను. ఇంతకు ముందు నా పేరు ఏ పట్టికలోనూ లేదని ఒప్పుకుంటున్నట్టు అందులో ఉంది.

"ఇది అబద్ధం కదప్పా" అన్నాను. "పెళ్లై కల్లావికి వచ్చినప్పటి నుంచి ఒక్క ఓటు వదల్లేదు. జ్వరంలో పోయినాను, ఆయన పోయిన ఏడు పోయినాను. తప్పు మీ పట్టికలో ఉండాది. దాన్ని కొట్టేసి, గురవమ్మ బతికే ఉందని రాయండి. నేను కొత్తగా పుట్టలేదు."

"ఒక ఫారానికి ఇంత పట్టుదలా పాట్టీ?"

"నేను ఎప్పుడూ లేనని నా చేతనే రాయిస్తే, రేపు ఇంకేది అడిగినా లేనిదాన్నే అవుతాను."

వెనక వరస గొణిగింది. ఎండ, ఆకలి, వాళ్ల తప్పేమీ లేదు. అయినా నేను కుర్చీ వదల్లేదు. ఆఫీసరు ముఖం తుడుచుకుని ఒక మాట చెప్పాడు. అదే బూత్‌లో పేరున్నవాళ్లు ఎవరైనా వచ్చి ఈమే ఆమె అని సాక్షి చెబితే ఈ రోజే ఆర్డరు రాస్తానన్నాడు. మునియప్ప ముందుకు దూకాడు. "నేనున్నాను సార్!"

"మీ పేరే పట్టికలో లేదు కదయ్యా."

మునియప్ప వెనక్కి తగ్గాడు. పేరు లేనివాడి మాట పేరు లేనిదానికి పనికిరాదు. ఇలాగే ఒకరి వెనక ఒకరం మాయమైపోతాం కాబోలు అనుకున్నాను. పట్టికలో మా ఇంట మిగిలిన పేర్లు కొడుకుదీ కోడలిదీ. కొడుకు లారీ మీద సేలం దాటి పోయాడు. మంజులకు ఫోన్ చేశాను. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సగం రోజు కూలి వదులుకుని రావాలి.

"వస్తాను అత్తా" అంది, అంతే.

ఊత్తంగరైలో బస్సు మారి మూడూ ఇరవైకి వచ్చింది. చీర కొంగుకు మామిడి పసుపు అట్లాగే ఉంది. ఆఫీసరు పుస్తకం తెరిచాడు.

"ఈమె ఎవరమ్మా?"

"మా అత్త."

"అది వరస. పేరు చెప్పు."

మంజుల నేల చూసింది. "కార్డులో ఉండాది చూడండి సార్."

"కార్డు నేనే చదవగలను. సాక్షివి నువ్వు, నీ నోటితో చెప్పాలి."

వరసలో ఎవరో నవ్వారు. దాని చెవులు ఎర్రబడ్డాయి. కాపురానికి వచ్చిన కొత్తలో పోస్టుమాను అడిగితే నా పేరు చెప్పిందని, వాకిట్లో అందరి ముందూ దాన్ని నేనే తిట్టాను. ఆ రోజు నుంచి అది ఆ పేరు పలకలేదు. మొదటి తప్పు పట్టికవాడిదో మంజులదో కాదు, నాదే. కుర్చీలోంచే అన్నాను, "చెప్పు మంజులా. గట్టిగా చెప్పు. ఇంక ఎప్పుడూ దాచొద్దు."

కొంగు దోపుకుని తలెత్తింది.

"గురవమ్మ. మా అత్త పేరు గురవమ్మ. కల్లావి. బతికే ఉండాది సార్. ఫోన్ చేసినప్పటి నుంచి నన్ను తిడతానే ఉండాది, సచ్చినోళ్లు తిట్టరు కదా."

ఈసారి ఆఫీసరు కూడా నవ్వాడు. ఆర్డరు రాసి, ముద్ర వేసి, చదివి వినిపించాడు. రెండోసారి చదవమన్నాను. చదివాడు. నాలుగు కొట్టగానే పుస్తకం మూసేశాడు. మునియప్పకు సాక్షి చెప్పడానికి మంజుల అడిగితే, ఈ రోజుకు అయిపోయింది, రేపు చివరి రోజు, పొద్దున్నే రమ్మన్నాడు.

నాలుగూ ముప్పావుకు ఊత్తంగరై బస్సు. మంజులకు కిటికీ సీటిచ్చాను. మామిడి తోటల మీద ఎండ పలచబడుతోంది. మునియప్ప కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"నాకు పోనీలేమ్మా, ఒక్క ఓటుతో ఏమయ్యేది ఉండాది? రేపు కూలి కూడా పోతాది."

"ఈరోజు దీని కూలి పోలేదా?" అన్నాను. "నీ పేరు తీసినోడికి పని లేకనా తీసినాడు? నీ ఓటుకు విలువ లేకుంటే నిన్ను అట్లే వదిలేసి ఉంటాడు. మాట్లాడక రా."

ఈ దారిన వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. పట్టికలో పేరున్న మనిషిని ఒకరిని వెంట తెచ్చుకోండి, మాకులాగా సగం రోజు పోగొట్టుకోవద్దు. కార్డులు తెండి, అన్నం కట్టుకోండి. ఎప్పుడూ లేనని రాసిన కాగితం మీద సంతకం పెట్టకండి. నాకు ఎవరూ ఏదీ ఇవ్వలేదు. నాది నేను తెచ్చుకున్నాను.

ఊత్తంగరైలో కల్లావి బస్సెక్కాక, మా వీధిలో పేర్లు పోయినవాళ్లు ఇంకెవరో మంజుల వేళ్లు మడిచి చెప్పింది. మునియప్ప కాక ముగ్గురు. అందరివీ పేర్లు పెట్టే చెప్పింది. దిగేటప్పుడు కండక్టరును, పొద్దున మొదటి బస్సు ఎన్నింటికని అడిగాను.

"ఐదుంబావుకమ్మా."

"ఆరు మందిమి వస్తాం" అన్నాను. "ఒకరు ఆలస్యమైనా బండి కదిలించేది లేదు."