చలికాలంలో వడదెబ్బ

సరుకుల యార్డులో పెద్ద క్రేను నడిపే ఆ పెద్దమనిషి పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో మూడు ప్రశంసాపత్రాలు పొందారు. మూడింటికీ శుభ్రప్రతి తీసినవాడిని నేనే గనుక అందులోని వాక్యం నాకు కంఠస్థం: "విధినిర్వహణలో ఎనిమిది గంటలపాటు ఒక్కసారైనను క్రిందికి దిగని వీరి కార్యదీక్ష శ్లాఘనీయము." ఆ శ్లాఘనీయమైన దీక్షే ఆయన ప్రాణం మీదికి తెచ్చిందని తెలిసిన రోజున ఆఫీసులో అందరమూ నిర్ఘాంతపోయాము.

క్రేను గది నేలకు నూటపన్నెండు మెట్ల ఎత్తున ఉంటుంది. దిగి, పని చూసుకుని, మళ్ళీ ఎక్కేసరికి అరగంట పడుతుంది. ఆలోగా కింద లారీలు బారులు తీరతాయి. అందుచేత ఆయన డ్యూటీ ముగిసేదాకా గుక్కెడు నీళ్ళు ముట్టేవారు కారు. దొడ్డికి వచ్చినా బిగబట్టేవారు. ఇంటికి చేరాక మరుగుదొడ్డిలో ముక్కుతూ ముప్పావుగంట కూర్చునేవారు. నాలుగేళ్ళ కిందట మొదటిసారి రక్తం కనబడింది. ఎవరికీ చెప్పలేదు. వీధిలో అమ్మే చూర్ణమేదో కొని మింగారు. నల్ల ప్యాంట్లు నాలుగు కుట్టించుకున్నారు. భార్య అడిగితే, "నలుపైతే మాపు ఓర్చుకుంటుంది" అన్నారు.

ఒక చలి ఉదయాన, ఇనుప పెట్టె గాలిలో ఉండగా క్రేను ఆగిపోయింది. మీట వదిలితే బ్రేకు తనంతట తానే పడుతుంది గనుక పెట్టె జారలేదు. లేకుంటే దాని కింద పదకొండు మంది ఉన్నారు. యార్డు మేస్త్రి ఆయనకు స్వయానా బావమరిది. వాకీటాకీలో ఎంత పిలిచినా పలుకు లేకపోయేసరికి పరుగున మెట్లెక్కాడు. బావ మీటలు వదిలేసి కుర్చీలో పక్కకు ఒరిగి ఉన్నాడు. ముఖానికి సున్నం కొట్టినట్టుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితాన్ని రెండుసార్లు చూసింది.

"హిమోగ్లోబిన్ నాలుగు పాయింట్ ఎనిమిది. పదమూడు ఉండాలి. ఇంత రక్తం ఎటు పోయింది?"

"చీమ కుట్టినంత గాయం కూడా లేదు డాక్టరమ్మా!" అంది భార్య.

ఆయన గోడవైపు తిరిగారు. డాక్టరమ్మకు అర్థమైంది. "అమ్మా, మీరు కాస్త బయట కూర్చుంటారా?"

"నేనెక్కడికీ పోను. ఇరవై రెండేళ్ళు కాపురం చేశాను. నాకు చెప్పనిది ఆ గోడకేం చెప్తారో నేనూ వింటాను."

చెప్పక తప్పలేదు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే ఉండిపోయింది. రక్తం ఎక్కించారు. పేగులో మరో జబ్బేదీ లేదని గొట్టంతో చూసి నిర్ధారించుకున్నారు. ఆపైన డాక్టరమ్మ చెప్పిన మాట ఆ దంపతులను మరింత దిమ్మెరపోయేలా చేసింది.

"ఇవి మొలలు, అంతే. మొదట్లోనే వచ్చుంటే మొదలుకు చిన్న రబ్బరు రింగు వేసి ఆ రోజే ఇంటికి పంపేదాన్ని. ఇప్పుడూ అదే చేస్తాను. ఇక నీళ్ళు బాగా తాగండి. ఆకుకూరలు, పళ్ళు తినండి. వచ్చినప్పుడు ఆపకండి, రానప్పుడు ముక్కకండి. నొప్పిగా ఉంటే గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో పది నిమిషాలు కూర్చోండి. ఇంకొకటి, రక్తం పడితే అది మొలలేనని ఎవరికి వారు తీర్పు చెప్పుకోకూడదు."

ఆయన ఇంటికి రాగానే విచారణ సంఘం తాఖీదు అందింది. స్పృహ తప్పినందుకు మూర్ఛరోగమని అనుమానం. అదే ఖాయమైతే ఆయన జన్మలో మళ్ళీ క్రేను ఎక్కరు.

"వడదెబ్బ అని రాసిచ్చెయ్ బావా," అన్నాడు మేస్త్రి. "ఆరుగురి ముందు మొలలని చెప్తే రేపట్నుంచి యార్డంతా నిన్నేమని పిలుస్తుందో తెలుసా?"

"ఒరేయ్, ఈ చలిలో వడదెబ్బా?" అక్క విరుచుకుపడింది. "నమ్మడానికి వాళ్ళేమైనా చెవుల్లో పూలు పెట్టుకున్నారా? ఏమైనా పిలవనీ. మనిషంటూ ఉంటేగా పిలవడానికి!"

విచారణ రోజున వాంగ్మూలం రాసుకోవడానికి నేనూ ఆ గదిలో ఉన్నాను. ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయా అని అధ్యక్షులవారు అడిగారు.

"లేదండీ. నాకు మొలలండీ. నాలుగేళ్ళుగా రక్తం పోతోంది. అందుకే కళ్ళు తిరిగాయి. డాక్టరమ్మ కాగితం ఇదిగోండి."

సభ్యులలో ఒకరికి తాగుతున్న టీ పొలమారింది.

"నాలుగేళ్ళా! కిందికి దిగి ఎవరికైనా చూపించుకోవద్దూ?" అన్నారు అధ్యక్షులవారు.

"దిగనందుకే కదండీ మీరు మెచ్చుకోలు కాగితాలిచ్చారు."

అధ్యక్షులవారు డాక్టరమ్మ కాగితాన్ని చివరిదాకా చదివారు. పిమ్మట ఉత్తర్వు చెప్పారు: మూడు నెలలు నేల మీది పని, ఆపైన రక్తం సరిపోతే తిరిగి క్రేను; ఇకమీదట ప్రతి ఆపరేటరూ డ్యూటీలో రెండుసార్లు దిగి తీరాలి; మిగిలిన నలుగురికీ వెంటనే పరీక్షలు చేయించాలి.

ఆ నలుగురిలో ఇద్దరికి మొలలు బయటపడ్డాయి. మూడో ఆయనకు పడుతున్న రక్తం మొలలది కాదు, పెద్దపేగులో గడ్డ. తొలిదశలో దొరికింది గనుక కోసి తీసివేశారు. ఆ కబురు వచ్చిన పూట యార్డులో పరాచికాలన్నీ ఆగిపోయాయి.

మూడు నెలలకు మన ఆపరేటరుగారి రక్తం పదమూడుకు చేరింది. నాలుగో నెల మొదటి తేదీన ఆయన మళ్ళీ పైకెక్కారు. పది గంటలకు క్రేను ఉన్నట్టుండి ఆగింది. కిందనున్న వాళ్ళంతా చెల్లాచెదురుగా వెనక్కి జరిగారు.

"బావా! ఏమైంది బావా?" మేస్త్రి కేక యార్డంతా మారుమోగింది.

గది తలుపు తెరుచుకుంది.

"ఏమీ కాలేదురా, దొడ్డికొచ్చింది! లారీవాళ్ళను కాసేపు ఆగమను!"