కుంకుమ పెట్టిన సౌండుకార్డు

మదనపల్లెలో మా అయ్యవారికి గొంతులో రాచపుండు లేచిందని, వేలూరులో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేస్తారని తెలిసిన వారంలోనే ఊరు తీర్పు చెప్పేసింది.

"దేవుణ్ణి తిట్టిన గొంతు కదప్పా, ఊరికే పోతాదా?"

కాఫీ హోటల్లో ఆ మాట నా ముందే అన్నారు. "ముప్పై ఏండ్లు మంత్రాలు చదివిన పూజారి కూడా ఈ జబ్బుతోనే పోయినాడే, ఆయన ఎవర్ని తిట్టినాడు?" అని అడిగాను. బదులు దొరకనంత మాత్రాన నమ్మకం వదులుకునేవాళ్ళు కాదు వాళ్ళు. కాఫీ తాగి లేచిపోయారు.

అయ్యవారు హైస్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. తొంభైల్లో ప్రతి ఆదివారం సాయంత్రం తన ఇంటి వరండాలో నాలాంటి నలుగురికి వాదించడం నేర్పేవారు. ఆయనది ఒకటే నియమం. ఒక మాట తేలేదాకా రెండో మాటకు పోకూడదు. ఎవరైనా ఆవేశపడి దూకితే వేళ్ళతో రెండుసార్లు నేల మీద తట్టి, "మొదటిది తేలిందా?" అనేవారు. ఎక్కువగా ఆ తట్టు నాకోసమే మోగేది.

వేలూరుకు పోవడానికి ఒక రోజు ముందు నన్ను పిలిపించారు. అప్పటికే గొంతు చిరిగిన గుడ్డలా ఉంది.

"గొంతు పోతే పోనీ. నేను మాట్లాడాల్సింది మాట్లాడి పెట్టిపోతాను. కుప్పంలో మన నాస్తికుల బహిరంగ సభ ఉండాది కదా, ఆడ నా గొంతే వినపడాల. ఇంకొకరు చదివితే నేను ఒప్పుకోను."

పుంగనూరులో ఒకాయన ఆటోల మీద కట్టే మైకు ప్రచారాలు రికార్డు చేసేవాడు. టేపు వదిలి కొత్తగా కంప్యూటరు కొన్నాడు. మంచి మైకు ఉండేది ఆయన దగ్గరే. ఇద్దరం బస్సెక్కి ఆయన అంగడికి పోయాం. ముందురోజే ఆయుధపూజ అయింది. గుమ్మంలో గుమ్మడికాయ చెక్కలు, మానిటరుకు చామంతుల దండ. కీబోర్డుకు, మౌసుకు, ప్రింటరుకు, అన్నిటికీ గంధం, కుంకుమ బొట్లు. కేబినెట్ వెనక వైర్లు గుచ్చే చిన్న రంధ్రాలను కూడా వదల్లేదు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క బొట్టు. మా వైపు పూజంటే అంతే. మూలనున్న స్పానరు కూడా అలగకూడదు.

మైకు గుచ్చాడు, రికార్డు నొక్కాడు. అయ్యవారు "హలో" అన్నారు. తెర మీద గీత కదల్లేదు, చచ్చిన పాములా పడుకుంది.

అంగడాయన చేతులు కట్టుకున్నాడు. "ఏమనుకోవద్దండి అయ్యవారా. నిన్ననే పూజ చేసిన యంత్రం. దేవుడు లేడనే మాటలు పట్టుకోమంటే యాడ పట్టుకుంటాది?"

నాకు ఒళ్ళు మండింది. కేబినెట్ తిప్పి చూశాను. మైకు రంధ్రం చుట్టూ గులాబి రంగు, స్పీకరుకు పచ్చ, బయటి టేపులాంటి వాటికి నీలం ఉంటుందని నాకు తెలుసు. గంధం, కుంకుమ కింద ఏ రంగూ కనబడలేదు.

"ఇదిగో, నీ పూజ! రంధ్రంలో కుంకుమ దూరితే యంత్రం ఎట్లా వింటుంది?"

అగ్గిపుల్లకు దూది చుట్టి కాలుగంట తుడిచాను. గులాబి రంగు బయటపడింది. మైకు మొదటినుంచీ సరైన చోటే ఉంది. మళ్ళీ గుచ్చాం. గీత కదల్లేదు.

"తుడిసినారు కదా సార్, ఇప్పుడు యాల పలకలేదు?" అన్నాడాయన, నవ్వు దాచుకోకుండా.

ఇక నేను ఆగలేదు. వైరు మార్చాను, శబ్దం పెంచాను, కంప్యూటరు ఆపి మళ్ళీ వేశాను, అన్నీ ఒక్క ఊపులో. ప్రతిసారీ "ఇంకొకసారి హలో అనండి" అని అయ్యవారిని అడిగాను. ఆయన అన్నారు. నాలుగోసారికి మాట రాలేదు, గాలి వచ్చింది. ఆయన దగ్గర మిగిలిందే కాసింత గొంతు. అందులో కొంత నేను హలోలకు ఖర్చుపెట్టాను. ఇన్నేళ్ళయినా అది తలచుకుంటే నాకు తల ఎత్తబుద్ధి కాదు.

బల్ల మీద రెండుసార్లు తట్టిన చప్పుడు.

"మొదటిది తేలిందా?" అన్నారు అయ్యవారు, గుసగుసగా. "కుంకుమ అడ్డమని నువ్వు యాడ పరీక్ష చేసినావు? ఎర్రగా కనబడింది, నీకు పడదు, అంతే. ఆయప్ప దేవుడంటాండాడు, నువ్వు కుంకుమంటాండావు. మీరిద్దురూ ఒకే బడిలో సదివినట్టుండారు."

ఊళ్ళో వందమంది తిట్టినా తగలనిది ఆ ఒక్క మాట తగిలింది.

"టెస్టుకు నువ్వు మాట్లాడు. నా గొంతు దాసిపెట్టు" అని కళ్ళు మూసుకున్నారు.

మొదటినుంచి మొదలుపెట్టాను. మైకు బాగుందా? అంగడిలో పాత టేపు రికార్డరు ఉంటే దానికి గుచ్చి మాట్లాడాను. నా మాట స్పష్టంగా వచ్చింది. మైకు తేలింది, వైరు తేలింది. మాట కంప్యూటరులోకి పోతోందా? అప్పటిదాకా ఆపి ఉన్న స్పీకరు వేసి, మళ్ళీ గుచ్చి ఊదాను. స్పీకరులో ఆ ఊదిన చప్పుడు వినబడింది. అంటే రంధ్రమూ తేలింది. కంప్యూటరుకు మన మాట వినపడుతోంది, రాసుకోవడమే లేదు. ఎందుకు?

తెర మీద శబ్దం పెంచే కిటికీ తెరిచి వెతికితే, దాని వెనక ఇంకో కిటికీ ఉందని అప్పుడు తెలిసింది. మొదటిది మనకు ఏది వినిపించాలో చెప్పేది. రెండోది యంత్రం దేన్ని రికార్డు చేయాలో చెప్పేది. నేను ఇంతసేపూ మొదటిదానితోనే కుస్తీ పట్టాను. రెండోదానిలో టిక్కు మైకు దగ్గర లేదు, సీడీ దగ్గర ఉంది.

"ఇది ఎవరు పెట్టినారు?"

అంగడాయన తల గోక్కున్నాడు. "యంత్రం అమ్మినాయప్ప సార్. మొన్న పూజకని సీడీలో భక్తిపాటలు ఇందులోకి ఎక్కించి పోయినాడు."

డ్రైవులో సీడీ లేదు. ఖాళీ డ్రైవును యంత్రం శ్రద్ధగా వింటూ కూర్చుంది.

అయ్యవారు నవ్వారు. నవ్వుతుంటే నొప్పి వేసి గొంతు పట్టుకున్నారు, అయినా నవ్వారు.

"అయితే దేవుడే అడ్డం వచ్చినట్టు కదా అయ్యవారా!" అన్నాడు అంగడాయన.

"దేవుడు కాదప్పా, టిక్కు. నువ్వే మార్సి సూడు."

ఆయనే మార్చాడు. స్టాండు విరిగిపోయి ఉంటే మైకు కూడా ఆయనే చేత్తో పట్టుకున్నాడు. అరగంటసేపు, నుదుట విభూతితో, దేవుడు లేడనే ప్రసంగానికి మైకు పట్టుకుని నిలబడ్డాడు. అయిపోయాక, "మీ మాట నేను ఒప్పుకోను అయ్యవారా. కానీ బాగా వచ్చింది" అని సీడీ చేతికిచ్చాడు. మర్నాడు అయ్యవారు వేలూరుకు పోయారు. ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు.

కొన్ని నెలలకు కుప్పంలో సభ జరిగింది. అయ్యవారు ముందువరసలో, మెడకు తెల్లగుడ్డ, ఒళ్ళో పలక, చేతిలో బలపం. అద్దెకు తెచ్చిన కంప్యూటరులో సీడీ వేశాను. తెర మీద నిమిషాల అంకెలు నడుస్తున్నాయి. పెద్ద స్పీకరు పెట్టెలు రెండూ మూగగా ఉన్నాయి.

వెనకనుంచి ఎవడో అరిచాడు. "గొంతు తీసేసినా బుద్ధి రాలేదప్పా! సామి ఈ పొద్దు పెట్టెల నోరు గూడా కట్టేసినాడు సూడండి!"

హాలు నవ్వింది. నా చేతులు అన్ని వైర్ల మీదికి ఒకేసారి పోయాయి. అప్పుడు వినబడింది, పలక మీద బలపం రెండుసార్లు తట్టిన చప్పుడు.

చేతులు వెనక్కి తీసుకున్నాను. అంకెలు నడుస్తున్నాయి కాబట్టి సీడీ తేలింది. కంప్యూటరునుంచి వైరు ఊడదీసి మొనను వేలితో ముట్టాను. పెట్టెలు బుర్రుమన్నాయి. వైరు, యాంప్లిఫయరు తేలాయి. మిగిలింది మధ్యనున్న సౌండుకార్డు, కంప్యూటరులో శబ్దం సంగతి చూసే ముక్క. దాని కిటికీ తెరిస్తే, శబ్దాన్ని డిజిటల్‌గా మాత్రమే పంపు అనే చోట టిక్కు ఉంది. అలా పంపితే శబ్దం అంకెలుగా వేరే రంధ్రంలోంచి పోతుంది. ఆ అంకెలను మళ్ళీ శబ్దం చేసే పెట్టె అవతల ఉండాలి. మా దగ్గర లేదు. మా మామూలు వైరు కాచుకున్న రంధ్రంలో ఏమీ లేదు. టిక్కు తీసేసి వైరు గుచ్చాను.

ముందు వినబడింది అంగడాయన గొంతు. "మాట్లాడండి అయ్యవారా, పచ్చగీతలు లేస్తాండాయి."

తర్వాత అయ్యవారి గొంతు.

"నా గొంతు పోతాండాది. దేవుడు తీసుకుపోవడంలేదు, పుండు తీసుకుపోతాండాది. ఈ రెండిటికీ తేడా తెలీనోళ్ళ కోసమే ఈ అరగంట."

వెనకవాడు మళ్ళీ ఏదో అరిచాడు. ఇద్దరు ముగ్గురు ఈలలు వేశారు. ఏం చేయమంటారని అయ్యవారి వైపు చూశాను. ఆయన పలక తిప్పి నాకు చూపించారు.

"ఇంకా పెంచు" అని రాసి ఉంది.

పెట్టెలు అదిరేదాకా పెంచాను.