క్యాసంబళ్ళి రైతు నోట వచ్చిన అరవం

దెయ్యాల కబుర్లు మొదలైతే నేను అక్కడ కూర్చోను. కేజీఎఫ్‌లో పుట్టి పెరిగినదాన్ని, అలాంటివి వినీ వినీ విసుగెత్తిపోయాను. కోలారు బంగారు గనులు మూతపడ్డాక మా ఊళ్ళో ఖాళీగా మిగిలిన క్వార్టర్స్‌లో ఒక్కోదానికీ ఒక్కో కథ ఉండేది. బడిపంతులుగా పనిచేసిన మా నాన్న వాటిని మా గడప దాటి లోపలికి రానిచ్చేవారు కాదు. నేను ఆయన కూతుర్నే. ఇప్పటికీ దెయ్యాలున్నాయని అనను. జరిగింది మాత్రం జరిగినట్టు చెప్తాను.

ఫార్మ్-డి అనే మందుల చదువు అయ్యాక మా జిల్లాలోనే ఒక పెద్ద ఆసుపత్రిలో రెసిడెన్సీకి చేరాను. అంటురోగాల మందుల మీద ప్రత్యేక శిక్షణ అది. కౌంటర్లో నిలబడి మందులివ్వడం కాదు మా పని. డాక్టర్లతో పాటు వార్డులు తిరగాలి. ఏ క్రిమికి ఏ యాంటీబయోటిక్ పనిచేస్తుంది, ఎంత మోతాదు ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి అనేది మేం చూసి చెప్పాలి. నాకు నేర్పే ఆవిడ శైలజ మేడమ్. కోలారు మనిషి. "నీకేమనిపించిందో నాకొద్దు. ఏం చూసినావో అది చెప్పు" అనేవారు. రోజూ అదే పాఠం.

మునిస్వామప్ప అనే రైతు ఆ రోజుల్లో మా వార్డులో చేరాడు. క్యాసంబళ్ళి దగ్గర టమాటా పండించే మనిషి. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. మామూలు మందులేవీ దానిమీద పనిచేయలేదు. ల్యాబ్ రిపోర్టు ప్రకారం మిగిలినవి రెండే. ఒకటి ఇంక వేరే దారి లేనివాళ్ళ కోసం అట్టిపెట్టుకునే మందు. రెండోది అమికాసిన్ ఇంజెక్షన్. అందరూ కలిసి అమికాసిన్ మొదలుపెట్టారు.

ఆ మందుతో ఒక ప్రమాదం ఉంది. ఒంట్లో నిలవుండిపోతే కిడ్నీలు దెబ్బతింటాయి, చెవులు పోవచ్చు. అందుకే మధ్యమధ్య రక్తపరీక్ష చేయిస్తాం. నేను చెప్పబోయే రోజుకు ముందురోజు రిపోర్టు బాగానే ఉంది. మళ్ళీ పరీక్ష మర్నాటికి.

ఆ మధ్యాహ్నం, చూడ్డానికి వచ్చినవాళ్ళతో వార్డంతా గోలగా ఉన్నప్పుడు, నేను ఆయన మంచం దగ్గరికి వెళ్ళాను. భార్య నారాయణమ్మ తడిగుడ్డతో ఆయన మెడ తుడుస్తోంది. ఎలా ఉన్నారని అడిగాను.

"జ్వరం తగ్గినట్టే ఉండాది తల్లీ. మాటలే ఇంగా తిక్కతిక్కగా ఉండాయి" అంది.

అప్పుడు ఆయన కళ్ళు తెరిచాడు. నావైపే చూశాడు. నా కుడిచేయి అందుకుని, అరచేయి పైకి తిప్పి, మధ్యలో గోటితో మెల్లగా గీరాడు. తర్వాత తమిళంలో అన్నాడు.

"సత్తమా పేసు కణ్ణు. ఊసి పోట్టు పోట్టు కాదే పోచ్చు."

గట్టిగా మాట్లాడు తల్లీ, సూదులు వేసీ వేసీ చెవులే పోయాయి అని దాని అర్థం.



మా తాత గని ఆఫీసులో గుమాస్తా. టీబీ వస్తే నెలల తరబడి స్ట్రెప్టోమైసిన్ సూదులు వేశారట. అదీ అమికాసిన్ జాతి మందే. దగ్గు పోయింది, దాంతోపాటు వినికిడీ పోయింది. మాది తెలుగిల్లే అయినా కేజీఎఫ్ వీధుల్లో నడిచేది తమిళం. తాతకు నేను ముద్దొస్తే తమిళంలోకి వెళ్ళిపోయేవాడు. నేను చెప్పింది వినపడకపోతే నా అరచేతిలో గోటితో అలాగే గీరేవాడు, మళ్ళీ చెప్పమని. నేను హైస్కూల్లో ఉండగా పోయాడు.

గొంతు మాత్రం మునిస్వామప్పదే. అది దాచకూడదు. తాత గొంతు కాదు.

నారాయణమ్మ బిత్తరపోయి చూసింది. "ఏందమ్మా అది, అరవమా? ఈయనకి యాడ వచ్చు అరవం? నాకు తెలిసి ఒక్క ముక్క మాట్లాడినోడు కాదు."

అంటే విన్నది నేనొక్కదాన్నే కాదు.

శైలజ మేడమ్ దగ్గరికి వెళ్ళాను. తాత సంగతి చెప్పలేదు. "చెవులు వినపడటం లేదంటున్నారు మేడమ్. కిడ్నీ పరీక్ష ఈరోజే చేయిద్దామా" అన్నాను. ఆవిడ నా ముఖం చూసి, డాక్టరుకు ఫోన్ చేశారు. రిపోర్టు వచ్చేదాకా తర్వాతి ఇంజెక్షన్ ఆపారు.

రిపోర్టులో క్రియాటినిన్ బాగా పెరిగి ఉంది. ఒక్కరోజులో కిడ్నీలు దెబ్బతినడం మొదలైంది. వెంటనే అమికాసిన్ మానేసి, అట్టిపెట్టుకున్న మందుకు మార్చారు. ఆ సాయంత్రం ఇంజెక్షన్ కూడా పడి ఉంటే డయాలసిస్ దాకా వెళ్ళేదేమో అన్నారు డాక్టరు. కిడ్నీలు మెల్లగా తేరుకున్నాయి.

చెవుల డాక్టరు కూడా వచ్చి పరీక్ష చేశాడు. రెండు చెవులూ బాగున్నాయి.

తెలివి వచ్చాక నేనే అడిగాను. మునిస్వామప్ప నవ్వాడు. "నా చెవులకేమైందమ్మా? మా ఇంటామె గొణుక్కునేది కూడా వినపడతాది" అన్నాడు. తమిళం వచ్చా అంటే రాదన్నాడు. నా చేయి పట్టుకున్నది ఆయనకు గుర్తే లేదు.

అప్పుడు శైలజ మేడమ్‌కు అంతా చెప్పాను. బంగారుపేట మార్కెట్లో అరవ వ్యాపారులు ఉంటారు, ఎప్పుడో చెవిన పడిన మాటలు జ్వరంలో బయటికి వచ్చి ఉంటాయి అన్నారు. సబబుగానే తోచింది. మరి అరచేతిలో గీరడం అన్నాను.

"అది నాకు తెలీదు" అన్నారు.

ఆ ఆదివారం ఇంటికి వెళ్ళి నాన్నకు చెప్పాను. కొట్టిపారేస్తారనే చెప్పాను, నిజానికి నాకు కావాల్సిందీ అదే. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. నేను ముగించాక, "మా నాయనకి ఆ సూదులు ఆపమని చెప్పేవాళ్ళు లేకపోయినారు" అన్నారు. తర్వాత కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని అడిగారు.

"నా గురించి ఏమన్నా అడిగినాడామ్మా?"

"లేదు నాన్నా" అన్నాను.

ఆయన తల ఊపి, లేచి పెరట్లోకి వెళ్ళారు. నేను వెనకాల వెళ్ళలేదు.

ఆ తర్వాత మా ఇద్దరిలో ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. శిక్షణ ముగించి ఇప్పుడు వేరే ఊళ్ళో పనిచేస్తున్నాను. జ్వరంలో కలవరించేవాళ్ళను చాలామందిని చూశాను. అలాంటిది మళ్ళీ చూడలేదు. ఎన్ని విధాల ఆలోచించినా నాకు అంతు దొరకలేదు. నాన్న అడిగిన ఆ మాటకు ఇంకో జవాబు చెప్పి ఉండాల్సిందా అన్నది కూడా తేలలేదు.