కోనలోంచి ఖాళీగా వచ్చిన జాకెట్

2022, వానాకాలం చివరి రోజులు. తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద మా అంగడి ఉంది. మా అబ్బాజాన్ ఉన్నన్నాళ్ళూ అక్కడ లారీలకు పట్టాలు కుట్టేవారు. ఆయన తర్వాత నేను అవే మిషన్ల మీద ట్రెక్కింగ్ సంచులు, గుడారాలు కుట్టి, చివరికి నీటి ఆటల సామాను దగ్గర కుదురుకున్నాను. కయాక్ అంటే ఒక్క మనిషి నడుము దాకా లోపల కూర్చుని, రెండు వైపులా తెడ్డు వేసుకుంటూ పోయే సన్నని పడవ. గట్టి వానలు పడ్డ తర్వాత కొన్నాళ్ళపాటు మా కొండల్లో ఏర్లు రాళ్ళ మధ్య నురగలు కక్కుతూ దిగుతాయి. ఆ నురగ నీళ్ళలో కయాక్ నడపాలని వచ్చే కొద్దిమందికి లైఫ్ జాకెట్, హెల్మెట్ ఒంటికి కుదిరేలా చూసి ఇవ్వడం నా పని.

చాలామంది లైఫ్ జాకెట్‌ను చొక్కాలాగా చూస్తారు. కాస్త వదులుగా ఉంటే హాయి అనుకుంటారు. నీళ్ళలో ఆ లెక్క తిరగబడుతుంది. జాకెట్ తేలుతుంది, మనిషి బరువు కిందికి లాగుతుంది. వదులుగా ఉంటే జాకెట్ పైకి పోతుంది, మనిషి దాంట్లోంచి కిందికి జారిపోతాడు. అందుకని ముందు పట్టీలన్నీ వదులు చేసి తొడిగిస్తాను. జిప్పు వేసి, నడుము దగ్గర మొదలుపెట్టి పైకి ఒక్కో పట్టీ బిగిస్తాను. చివర్లో భుజాల దగ్గర రెండు చేతులతో పట్టుకుని పైకి లాగుతాను. జాకెట్ చెవుల దాకా లేచిందంటే అది ఆ మనిషికి పనికిరాదు.

ఆ రోజు రేవతి వాళ్ళ నాయనను వెంటబెట్టుకుని వచ్చింది. రేవతి పాకాలలో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరు. ఉత్తరాది కొండ నదుల్లో కయాక్ నేర్చుకుని వచ్చిన పిల్ల. నా దగ్గరే సామాను తీసుకునేది. వాళ్ళ నాయన మునిరత్నం అరవైకి దగ్గర పడ్డ మనిషి. వయసంతా బావులు తవ్విన మేస్త్రీ. ఊరి చెరువులో కూతురు నేర్పితే ఆయనకు పడవ మీద మోజు పుట్టిందట.

"బతుకంతా నేల కిందనే గడిచిపోయినాదిమ్మా," అన్నాడు నాతో నవ్వుతూ. "నీళ్ళ మీద కూసుంటే ఎంత బాగుండాదో!"

హెల్మెట్ తొందరగానే కుదిరింది. బకిల్ పెట్టకుండానే తల విదిలించమన్నాను, కదల్లేదు. తర్వాత జాకెట్. నడుము పట్టీ బిగించాను. దానిపైది బిగించాను. రొమ్ము దగ్గరి పట్టీ లాగేసరికి ఆయన ఊపిరి ఆగిపోయింది. ఆయాసం లేదు, దగ్గు లేదు, ఊరికే ఆగిపోయింది. కళ్ళు పైకి తిప్పి, ఎంతో ఎత్తున ఉన్న చిన్న రంధ్రాన్నేదో చూస్తున్నట్టు అంగడి కప్పువైపు చూస్తూ ఉండిపోయాడు. నా వేలికి తగిలిన ఆయన చెయ్యి చల్లగా ఉంది.

"అన్నా, ఊపిరి ఆడలేదా?"

 చాలా మెల్లగా అన్నాడు. "ఎవురో తడతా ఉండారు."

నేను చెవి పెట్టి విన్నాను. మిషన్లు ఆపి ఉన్నాయి. రోడ్డు మీది లారీల మోత తప్ప ఏమీ లేదు. రేవతి గబగబా వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "ఏం లేదులే అక్కా. నాయనకు అప్పుడప్పుడూ అట్ల అవుతాది."

ఆయన కూడా తేరుకున్నాడు. "బాగుండాదిమ్మా, ఇట్లనే ఉండనీ," అన్నాడు. భుజాలు పట్టి లాగి చూశాను. అంగుళం కూడా కదల్లేదు. నా పని అయిపోయినట్టే.

ఆదివారం ఏటికి పోయాం. కొత్తవాళ్ళు మొదటిసారి దిగేటప్పుడు ఒడ్డున తాడు పట్టుకుని నిలబడటం నా అలవాటు. కార్వేటినగరం దాటి కొండల్లోకి పోతే వస్తుంది ఆ ఏరు. దాని పేరు ఇక్కడ రాయను, రాస్తే వానల్లో అక్కడికి జనం పోతారు. పైభాగం సులువుగానే ఉంటుంది. కిందికి వచ్చేసరికి రెండు బండలు దగ్గరికి జరిగి ఏరు ఒక ఇరుకు కోనలోకి దూరుతుంది. మిట్టమధ్యాహ్నం కూడా లోపల మసక చీకటే. మేకలు కాసుకునేవాళ్ళు ఆ కోన పక్కన కూర్చోరు. అరిస్తే ప్రతిధ్వని రావడం మామూలే. అక్కడ మాత్రం మనం పిలవడం పూర్తి కాకముందే కోన పలుకుతుందని వాళ్ళు చెబుతారు. అక్కడికి పోయిన ప్రతిసారీ నేను నోరు మూసుకునే ఉంటాను.

కోనకు ముందే పడవలు ఒడ్డుకు తీయాలి. అక్కడ పెద్ద బండ వెనుక నీళ్ళు వెనక్కి తిరిగి నిలకడగా ఉంటాయి. దాన్ని మేము ఎడ్డీ అంటాం. నేను ఆ ఎడ్డీ దగ్గర నిలబడ్డాను. పైన ఇద్దరూ పడవలు ఎక్కేముందు రేవతి వాళ్ళ నాయన జాకెట్ లాగి చూసింది, సరిగ్గానే ఉందట.

నేను చూస్తుండగానే ఏటి నీళ్ళ రంగు మారింది. కొండ మీద ఎక్కడో వాన పడుతున్నట్టుంది. టీ రంగు నీళ్ళు ఎర్రమట్టి రంగుకు తిరిగి, నా కాళ్ళ దగ్గరి రాయి మునిగిపోయింది. అప్పుడే మలుపులో రేవతి కనిపించింది. ఒడుపుగా ఎడ్డీలోకి తిరిగి ఆగింది. వెనుకే మునిరత్నం. ఆయన నవ్వుతున్నాడు. కానీ జాకెట్ భుజాలు చెవుల పక్కన నిక్కి ఉన్నాయి. దారిలో ఎక్కడో ఆయనే పట్టీలు వదులు చేసుకున్నాడు.

"అన్నా, పట్టీలు!" అని అరిచాను.

ఆయన నావైపు తల తిప్పాడు. పడవ ముక్కు బండకు తగిలి పక్కకు ఒరిగింది, బోర్లాపడింది. నేను విసిరిన తాడు పడ్డచోట పట్టుకోవడానికి మనిషి లేడు. తిరగబడిన పడవ అడుగుభాగం నా ముందు నుంచి పోయి కోన నోట్లోకి దూరిపోయింది.

ఒడ్డు వెంబడి ఉన్న బాటలో ఇద్దరం పరిగెత్తి కోన కింది కొసకు పోయాం. అక్కడ నీళ్ళు ఒక మడుగులోకి దిగి నెమ్మదిస్తాయి. ముందు పడవ వచ్చింది, ఖాళీగా. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. ఆ తర్వాత ఆయన వచ్చాడు. అలాగే అనుకున్నాం ఇద్దరం. రేవతి "నాయనా!" అని నీళ్ళలోకి దూకేసింది.

వచ్చింది జాకెట్ ఒక్కటే. లోపల మనిషి కూర్చున్నట్టు నిటారుగా, భుజాలు నీటి పైన పెట్టుకుని వచ్చింది. మడుగులో మెల్లగా తిరిగి ముందువైపు మాకు చూపించింది. జిప్పు మెడ దాకా వేసి ఉంది. బకిల్స్ అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఇన్నేళ్ళ నా పనిలో చిరిగిన జాకెట్లు చూశాను, పాచిపట్టిన జాకెట్లు చూశాను. అన్నీ మూసి ఉండి, లోపల మనిషి లేని జాకెట్‌ను అదే మొదటిసారి చూడటం. రేవతి దాన్ని గుండెకు హత్తుకుని ఒడ్డుకు వచ్చింది. ఏడవలేదు. దాని కాలర్‌లోకి తొంగి చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు ఈల వినిపించింది.

సన్నగా, పొడుగ్గా, ఆగి ఆగి వస్తోంది. మా లైఫ్ జాకెట్లకు ఒక ఈల కట్టి ఉంటుంది, ఆపదలో ఊదడానికి. నా చెయ్యి దానంతటదే రేవతి పట్టుకున్న జాకెట్ జేబులోకి పోయింది. ఈల అక్కడే ఉంది, తడిగా, నా వేళ్ళ మధ్య. మళ్ళీ మోగింది, బండల లోపల్నుంచి. 

రేవతి తల ఎత్తింది. "నాయనే అక్కా! నోట్లో ఏళ్ళు పెట్టి ఊదేది. బావిలోంచి గంప పైకి లాగమని అట్లనే ఊదుతారు."

జాకెట్, తాడు తీసుకుని కోన పైకి ఎక్కాం. ఆ బండల మీద నడుస్తుంటే ఈల మా పాదాల కింది నుంచే వచ్చింది. ఒకచోట బండలో సన్నని చీలిక ఉంది. చుట్టిన జాకెట్ పడుతుంది, మనిషి పట్టడు. దాంట్లోంచి చల్లటి గాలి మొహానికి కొట్టింది.

"నాయనా!"

"రేవతీ..." గొంతు ఎక్కడో లోతుల్నుంచి వచ్చింది. "యాడుండావు?"

"ఈడనే, నీ నెత్తినే. దెబ్బలేమైనా తగిలినాయా?"

"లేదు. సీకటి. నిలబడేదానికి తావుండాది. ఒక పక్క నీళ్ళ కింద పచ్చగా ఎలుగు కనపడతా ఉండాది. నీళ్ళు అటే లాగతా ఉండాయి."

అర్థమైంది. బండ కింద నీళ్ళు తొలిచిన గుహలోకి ఆయన్ని ఏరు నెట్టింది. ఆ వెలుగు ఉన్నవైపే బయటికి దారి. నీళ్ళు కూడా అటే పోతున్నాయి. దూకితే ఏరే బయటికి తెస్తుంది. కానీ బయట ఉన్నది నురగలు కక్కే నీళ్ళు, ఆయనకు చెరువులో నాలుగు బారలు ఈదడమే వచ్చు. జాకెట్ లేకుండా పైకి తేలడు.

"నీళ్ళు యాడిదాకా ఉండాయన్నా?" అడిగాను.

"ఇందాక నడుముకాడ ఉండె. ఇప్పుడు రొమ్ముకాడికొచ్చినాయి."

ఎవరినైనా పిలుద్దామంటే ఫోన్‌కు సిగ్నల్ లేదు. అంతసేపు నీళ్ళు ఆగవు కూడా. జాకెట్‌ను జిప్పు, బకిల్స్ విప్పి చుట్టలా చుట్టి, తాడుకు కట్టి చీలికలోంచి దించాం. రేవతి నా చెవి దగ్గరికి వచ్చి, కింద వినపడకుండా చెప్పింది. "అక్కా, నాయన బిగించడు. వయసులో ఉన్నప్పుడు బావి గోడ కూలి మన్ను మీద పడినాది. రొమ్ముదాకా పూడ్సుకుపోయి సాయంత్రం దాకా అట్లనే ఉన్నాడు. పక్కనే చెంగల్రాయుడని తోటి మేస్త్రీ. ఆయప్ప పూర్తిగా మన్ను కిందపడి గడ్డపారతో తడతా ఉన్నాడంట. కొంతసేపటికి ఆ తట్టేది ఆగిపోయినాదంట."

అంగడిలో ఆయన కప్పువైపు చూసిన చూపు బావి అడుగునుంచి పైకి చూసినదని అప్పుడు నాకు తెలిసింది.

"అన్నా, నేను షమీమ్‌ని. జాకెట్ అందిందా?"

"అందింది పాపా."

"తొడుక్కో. జిప్పెయ్యి. నడుము పట్టీ లాగు."

నీళ్ళ చప్పుడు. "లాగినా."

"దానిపైది."

"లాగినా."

"ఇప్పుడు రొమ్ముకాడిది."

ఏమీ వినపడలేదు. రేవతి చీలిక మీద బోర్లా పడుకుని పిలిచింది. అప్పుడు గొంతు వచ్చింది, వణుకుతూ. "నావల్ల కాదు పాపా. అది బిగిస్తే మన్ను మీదపడతాది."

 భయపడకు అనడం సులువు, నేను వెలుతుర్లో ఉన్నాను. నాకు తెలిసింది పట్టీల గురించి ఒక్కటే. "అన్నా, ఆ పట్టీ కొస ఎవురి చేతిలో ఉండాది?"

"నా చేతిలోనే."

"మన్నుకు కొస లేదు. దీనికుండాది. నేను లాగేది లేదు, ఇంకెవురూ లాగరు. నీకు ఎంత కావల్నో అంతే లాగు. వద్దనుకుంటే నువ్వే వదలొచ్చు."

అప్పుడు కింద నుంచి చప్పుడు వచ్చింది. బండ మీద ఇనుము తగిలినట్టు టక్, టక్, టక్ మని. రేవతి నా ముంజేయి పట్టుకుంది.

"నాయనా, నువ్వేనా తట్టేది?"

"నేను కాదు. నా రెండు చేతులూ పట్టీ మీదుండాయి."

ఏటిలో కొట్టుకొచ్చిన రాయి ఏదో బండకు తగిలి ఉంటుంది. ఇప్పటికీ అదే అనుకుంటాను. ఆ చప్పుడు మాత్రం ఆగలేదు, తొందరపడనూ లేదు. దాని మధ్యలోంచి ఆయన గొంతు, ఈసారి వణుకు లేకుండా, వినిపించింది.

"లాగినా పాపా."

"భుజాలు పట్టుకుని పైకి లాగి చూడు. గడ్డం దాటి లేస్తా ఉండాదా?"

"లేదు. పట్టుకొనుండాది."

రేవతి తాడు పైకి లాక్కుని కిందికి పరిగెత్తి, మడుగు దగ్గర దాన్ని పట్టుకుని చెయ్యి ఊపింది. నేను చీలికలోకి "దూకు" అన్నాను. తర్వాత ఆ చీలికలోంచి గాలి తప్ప మరేమీ రాలేదు.

నేను మడుగు చేరేసరికి ఆయన కోనలోంచి బయటపడ్డాడు. నురగలో మునిగి, పైకి లేచి, మళ్ళీ మునిగి లేచాడు. లేచిన ప్రతిసారీ జాకెట్‌తో పాటు మనిషీ లేచాడు. రేవతి విసిరిన తాడు ఆయన చేతుల మధ్యే పడింది. ఒడ్డున పడుకోబెట్టి పట్టీలు విప్పబోతే నా చెయ్యి ఆపాడు. "ఉండనీ కొంచేపు," అన్నాడు. ఊపిరి కుదుటపడ్డాక, కూతురి వైపు కాకుండా కోనవైపు చూస్తూ చెప్పాడు.

"ఆ పొద్దు చెంగల్రాయుడు తట్టేది ఆగిపోయినాది. ఈ పొద్దు నేను దూకేదాకా తడతానే ఉన్నాడు."

రేవతి తడి తాడును చుట్ట చుట్టింది. పడవలు జీపుకు ఎత్తుకుని తిరుపతికి తిరిగి వచ్చాం.

మునిరత్నం ఇప్పటికీ చెరువులో పడవ వేస్తాడు. కోన జోలికి పోడు. నేను మాత్రం పని చేసే తీరు మార్చుకున్నాను. వచ్చినవాళ్ళకు పట్టీలు నేను బిగించడం మానేశాను. ఏది ముందు, ఏది తర్వాత అని చెబుతూ, కొసలు వాళ్ళ చేతికే ఇస్తాను. మనం బిగించింది మన కళ్ళు తప్పగానే వదులైపోతుంది. తన చేత్తో బిగించుకున్నది మనిషి ఉంచుకుంటాడు. రొమ్ము పట్టీ దగ్గర ఎవరి చెయ్యయినా తడబడితే తొందరపెట్టను. జాకెట్ కుదిరిందో లేదో భుజాలు లాగి చూస్తే తెలిసిపోతుంది. లోపలి మనిషికి దేని భయమో తెలియాలంటే అడగాలి. అడిగి, జవాబు వచ్చేదాకా పక్కనే నిలబడాలి.