దారిపొడుగునా ఒక్కపొద్దు

పోయిన వారం మా తమ్ముడి కారులో కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్‌కు పెళ్ళికి బయలుదేరాం. ఊరు దాటకముందే మా ఆవిడ సంచిలోంచి సీసా తీసి సగం నీళ్ళు గటగటా తాగేసింది. సాత్తూరు దగ్గర కారు ఆపమని, రోడ్డు పక్కనున్న పెద్ద హోటల్లోకి వెళ్ళొచ్చి, మిగతా సగమూ తాగింది. తమ్ముడు టీ తెస్తానని లోపలికి వెళ్ళాడు. నేను ఊరికే వేళాకోళానికి, "ఏమి, ఈపొద్దు ఒక్కపొద్దు లేదా?" అన్నాను. ఆమె నవ్వలేదు.

ఈ ఒక్కపొద్దు సంగతి చెప్పాలి. నల్లరేగడిలో పత్తి ఏరడం ముగిసి నాలుగు రోజులు తీరిక దొరికిందంటే, మేమిద్దరం మోటార్‌సైకిల్ ఎక్కేసేవాళ్ళం. రామేశ్వరం, మైసూరు, ఒకసారి ఏకంగా అహోబిలం. చుట్టాలు మాకు పిచ్చి అనేవారు, నాకది బిరుదులా ఉండేది. దూరప్రయాణం అనగానే అందరికీ చల్లగాలీ కొండలూ గుర్తొస్తాయి. అసలు సంగతి నడుంనొప్పి, కళ్ళలో దుమ్ము, మొద్దుబారిన కాళ్ళు. కయత్తారు గాలిమరల దగ్గర గాలి బండిని పక్కకు తోసేస్తుంటే ఆమె ఒక చేత్తో చీర, ఇంకో చేత్తో నా భుజం పట్టుకునేది. శ్రీవిల్లిపుత్తూరులో కొన్న పాలకోవా ఇల్లు చేరేసరికి ఆమె ఒళ్ళో మెత్తగా ముద్దయిపోయేది. నేను మాత్రం టీకొట్టు కనబడితే ఆపి, కడుపునిండా నీళ్ళు తాగి, ముళ్ళచెట్ల చాటుకు వెళ్ళొచ్చి, హాయిగా బండెక్కేవాణ్ణి. ఆమెకు గ్లాసు చాపితే, ఒక్కపొద్దు అనేది. పొద్దుగూకేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. శనివారమైతే పెరుమాళ్ళకు, శుక్రవారమైతే ఆండాళ్ళకు, మంగళవారమైతే మురుగనికి. బుధవారం ఎవరికని నేనెప్పుడూ అడగలేదు. పైగా వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఆమె భక్తి గురించి నేనే గొప్పలు చెప్పుకున్నాను.

మూత్రపిండంలో రాళ్ళని తేలిన రోజు కూడా అంతే. నీళ్ళు సరిగ్గా తాగవా అమ్మా అని డాక్టరు ఆమెను అడిగితే, ఆమెకంటే ముందు నేనే, మా ఆవిడకు భక్తెక్కువ, ఉపవాసాలుంటుంది అని చెప్పాను. ఆమె తలొంచుకుంది. ఒక మూత్రపిండం బాగా దెబ్బతిన్నదనీ, ఇక మోటార్‌సైకిల్ మీద దూరాలు వద్దనీ అన్నారు. ఆ ముక్కకు నాకు కలిగిన బాధలో సగం బండి గురించేనని ఇప్పుడు ఒప్పుకోవాలి.

సాత్తూరులో, ఖాళీ సీసాకు మూత బిగిస్తూ ఆమె అంది: "ఒక్కపొద్దూ లేదు, ఏమీ లేదు. అదంతా సుమ్మా, ఊరికే చెప్పింది. మీకేమి, ముళ్ళచెట్టు చాలు. ఆడది దావలో యాడ దిగేది? నీళ్ళు తాగకుంటే ఆ తొందరే లేదు కదా."

"నాకొక మాట చెప్పుండకూడదా?"

"చెప్పుంటే నన్ను ఇంట్లో విడిచి మీరు మాత్రం పోయుంటారు. నాకూ రావాలని ఆశ ఉండింది."

కాదనబోయాను. కానీ ఆమెకు నేను బాగా తెలుసు. నిజంగానే విడిచి వెళ్ళేవాణ్ణి, అదీ ఆమె సుఖం కోసమేనని నలుగురికీ చెప్పుకుంటూ వెళ్ళేవాణ్ణి. నాతో రావడానికి అంత దాహం ఓర్చుకున్న మనిషికి భక్తురాలని పేరు పెట్టి ఊరుకున్నాను. తమ్ముడు టీ తెస్తే ఆమె తన గ్లాసు తీసుకుని, పెళ్ళివారు ఎదురుచూస్తుంటారంటూ అతన్ని తొందరపెట్టింది.

బండి ఇంకా మా వసారాలోనే ఉంది. దానికి రెండు అద్దాలున్నాయి. అన్నేళ్ళూ వెనక వచ్చే లారీలు కనబడేలా వాటిని సర్దుకున్నాను. ఒక్కనాడు ఒకదాన్ని కాస్త లోపలికి తిప్పుకుని ఉంటే ఆమె ముఖం కనబడి ఉండేది. ఎలా తిప్పుకోవాలో ఇప్పుడు తెలిసింది, ఆమె నా వెనక కూర్చునే కాలమే దాటిపోయింది.